మళ్ళెప్పుడొస్తవ్?

బాన్సువాడకు రైలు లేదు. ఊరు విడిచి పోయేవాళ్ళంతా బస్టాండు మీదుగానే పోవాలి. అందుకని ఎవరు పోతున్నారో, ఎంత సామానుతో పోతున్నారో, వెనక ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నారో ఊరికి ఇట్టే తెలిసిపోతుంది. గల్ఫ్‌కు పోయేవాణ్ణి అట్టపెట్టె పట్టిస్తుంది. నైలాన్ తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, నాలుగు వైపులా లావు అక్షరాలతో పేరు రాసి ఉంటుంది. లోపల మామిడికాయ తొక్కు, సకినాలు, ఎల్లిపాయ కారం, తల్లి పట్టుబట్టి పెట్టిన పల్లీల మూట. విమానం వాళ్ళు ఒప్పుకునే తూకం ముప్పయి కిలోలైతే బస్టాండుకు వచ్చేది ముప్పయి అయిదు. ఆ అయిదు కిలోలు శంషాబాద్‌లో తీసి పక్కన పెట్టాల్సిందేనని తల్లికి తప్ప అందరికీ తెలుసు.

బస్సు కదిలేలోగా ఆ మనిషిని పదిమందైనా ఒకే మాట అడుగుతారు. మళ్ళెప్పుడొస్తవ్? చాయ్ దుకాణం ఆయన చిల్లర లెక్కబెడుతూ అడుగుతాడు, కండక్టర్ టికెట్ కొడుతూ అడుగుతాడు, ఇంకెవరినో దించడానికి వచ్చిన పక్క ఊరి ముసలాయన కూడా అడుగుతాడు. పోయేవాడు "రెండేండ్లకు కాకా" అంటాడు. విన్నవాళ్ళెవరూ దాన్ని రాసిపెట్టుకోరు. రెండేళ్ళు నాలుగవుతాయని, నాలుగు ఒక్కోసారి పదవుతాయని అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. అయినా అడక్కుండా ఎవరినీ పంపం. అడక్కపోతే పొమ్మన్నట్టుంటుంది.

ఈ మాట విని నిజంగానే జవాబు వెతుక్కున్న మనిషిని నేను ఒక్కరినే చూశాను. జర్మనీ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల.

ఆ దేశంలో వెల్ట్‌వెర్ట్స్ అనే పథకం ఒకటుంది. 2008లో వాళ్ళ ఆర్థిక సహకార, అభివృద్ధి మంత్రిత్వ శాఖ మొదలుపెట్టింది. 18 నుంచి 28 ఏళ్ళ వయసు వాళ్ళను ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకు స్వచ్ఛంద సేవకు పంపుతుంది. ఎక్కువమంది ఏడాది ఉండి పోతారు. ఈ పిల్ల ఆ దారిన వచ్చి, మా వీధిలో మేడ మీద గది తీసుకుని, దగ్గర్లోని ఒక బడిలో చిన్న తరగతుల వాళ్ళకు ఇంగ్లీషూ ఆటలూ నేర్పింది. నేను పంతులుగా రిటైరై ఇంట్లో ఉన్నవాణ్ణి గనక సాయంత్రాలు తెలుగు దిద్దుకోవడానికి నా దగ్గరకు వచ్చేది. పలకా బలపం ఉంటే బాగుంటుందని అడిగింది. ఊళ్ళో పలక దొరకడానికి రెండు దుకాణాలు తిరగాల్సి వచ్చింది. మన పిల్లలెవరూ వాడటం లేదు మరి.

విదేశం నుంచి వచ్చిన మనిషిని ఊరు మొదట్లో కళ్ళార్పకుండా చూస్తుంది, కొన్నాళ్ళకు చూడటం మానేస్తుంది. మానేశాకే ఆ మనిషి ఊళ్ళో కలిసినట్టు. ఈ పిల్ల సైకిలు మీద కూరగాయల సంచీ తగిలించుకుని పోతుంటే ఎవరూ తల తిప్పని రోజులు వచ్చాయి. తర్వాత జూలై వచ్చింది. కాలువ కింద నాట్లు మొదలయ్యాయి, పిల్ల చేతికి టికెట్టూ వచ్చింది. వెళ్ళే తేదీ తెలియగానే ఊరు మళ్ళీ చూడటం మొదలుపెట్టింది. అంతవరకు అన్నంలో పచ్చిపులుసు పోసి కింద కూర్చోబెట్టిన ఇళ్ళలోనే కుర్చీ వేసి, బగారన్నం వండి, కోడికూర వడ్డించారు. "సార్, నన్ను మళ్ళీ చుట్టాన్ని చేసేశారు" అని మా ఇంటికొచ్చి బాధపడింది. నిజమే అనిపించింది నాకు. వీడ్కోలు విందు పెట్టడమంటే మనిషిని మన లెక్కలోంచి తీసేయడమే. ఎంత బాగా పెడితే అంత దూరం జరిపినట్టు.

సామాను పంపకం ఇంకో కథ. సైకిలు, దోమతెర, టేబుల్ ఫ్యాను, మూడు లీటర్ల కుక్కరు. కుక్కరు ఇద్దరడిగితే ఇద్దరికీ తలూపింది. తలూపితే ఇచ్చినట్టేనని ఏడాదైనా ఆ పిల్లకు తెలియలేదు. ఆ పంచాయితీ నా దగ్గరికి వస్తే మా ఆవిడ తన పాత కుక్కరొకటి బయటికి తీసి తీర్చింది.

అసలు గొడవ వీటి గురించి కాదు. మేడ కింద ఉండే ఇంటి పెద్దావిడ ఒకరోజు కూర తరుగుతూ అందరడిగినట్టే అడిగింది: "మళ్ళెప్పుడొస్తవ్ బిడ్డా?" ఆ పిల్ల ఆలోచించింది. ఆలోచించి, వచ్చిన తెలుగులో, "తెలియదు అమ్మా. బహుశా రాను" అంది. పెద్దావిడ కత్తిపీట పక్కకు పెట్టి లోపలికి పోయింది. సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, "సార్, గా పిల్లకు మేమేం తక్కువ చేసినం?" అని అడిగింది. ఆవిడ అటు పోయిన అరగంటకు ఈ పిల్ల వచ్చింది. "సార్, నేను నిజం చెప్పాను. అమ్మకు కోపం వచ్చింది. ఎందుకు?"

వస్తానని చెప్పమ్మా, అంతే, అన్నాను నేను.

"అది అబద్ధం కదా సార్."

ఆ పిల్ల ముందు డాక్టరు చదువుంది, జర్మనీలో అది ఆరేళ్ళు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, అప్పు, ఇల్లు, ఏదో ఒకటి. వచ్చినా సెలవులో వారం రోజులు వస్తుంది. ఆ రాకను పెద్దావిడ అడిగిన రాకగా లెక్కేయడానికి లేదు. ఇవన్నీ ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. బయల్దేరే ముందు శిక్షణలో, నిలబెట్టుకోలేని మాట ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి పంపారట. ఆ పథకం కింద వచ్చేవాళ్ళకు పోకముందు, మధ్యలో, తిరిగి పోయాక అన్నీ కలిపి 25 రోజుల శిక్షణ ఉంటుంది. ఇంటికి తిరిగి వెళ్ళిన మనిషికి ఇల్లు ఎట్లా అలవాటు చేసుకోవాలో కూడా నేర్పుతారు. జర్మన్లు దేన్నీ వదిలిపెట్టరు.

ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలని, ఇట్లా వచ్చి పోయినవాళ్ళలో మళ్ళీ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నా బీరువాలో ఉన్నవీ, లైబ్రరీలో దొరికినవీ వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే మొదట తగిలింది అమెరికా వాళ్ళ పీస్ కోర్. 1961లో కెన్నెడీ పెట్టింది. ఆ ఏడాది చివర్లోనే మొదటి దళం పంజాబ్‌లో దిగింది. 1976లో ఈ దేశంలో కార్యక్రమం మూతపడేలోగా నాలుగు వేల పైచిలుకు మంది వచ్చి పనిచేశారు. మన అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ కోళ్ళ పెంపకం నేర్పుతూ పల్లెల్లో ఉన్నారు. ఒక్కొక్కరి గడువు శిక్షణతో కలిపి 27 నెలలు. గడువు దగ్గరపడితే అందరినీ ఒకచోట చేర్చి, పని ఎట్లా ముగించాలో, ఎట్లా వెళ్ళాలో చెబుతారు. వాలంటీర్ల సంగతి సరే, ఆఫీసులో పనిచేసే జీతగాళ్ళు కూడా సాధారణంగా అయిదేళ్ళకు మించి ఉండకూడదని 1965లో చట్టమే చేసుకున్నారు. మన దగ్గర ఏదైనా సంస్థలో అయిదేళ్ళయితే కుర్చీ మీద తువ్వాలు వేసుకుంటాం. వాళ్ళకు అప్పుడే సెలవు. పాతుకుపోకుండా ఉండటం మంచిదేనని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే, వెళ్ళిపోవడం చట్టమైన చోట తిరిగి రావడానికి ఏర్పాటు ఉండదు.

అయినా ఒకావిడ తిరిగి వచ్చింది. లిలియన్ కార్టర్. 1966లో, 68 ఏళ్ళ వయసులో, నర్సుగా పీస్ కోర్‌లో చేరి బొంబాయి దగ్గర విఖ్రోలీలో పనిచేసింది. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. 1968లో వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టింది 1977 ఫిబ్రవరిలో, మన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అంత్యక్రియలకు అమెరికా తరఫున. అప్పటికి ఆమె కొడుకు జిమ్మీ కార్టర్ అధ్యక్షుడై నెల కూడా తిరగలేదు. ఒక వాలంటీరు తిరిగి రావాలంటే అక్కడ కొడుకు అధ్యక్షుడు కావాలి, ఇక్కడి రాష్ట్రపతి పోవాలి. ఈ సంగతి చెబితే జర్మనీ పిల్ల చాలాసేపు నవ్వింది. "నాకు కొడుకు లేడు సార్" అంది.

తిరిగి రావలసిన అవసరమే లేకుండా ఉండిపోయినవాళ్ళు మా పాత నిజామాబాదు జిల్లాలోనే ఉన్నారు. డిచ్‌పల్లి మీదుగా నిజామాబాదు పోయిన ప్రతిసారీ అక్కడి ఆసుపత్రి గుర్తుకొస్తుంది. స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ 1907లో భర్తతో నిజాం రాజ్యానికి వచ్చింది. కుష్ఠు రోగుల్ని ఊరి బయటకు తరిమే కాలమది. నిజామాబాదులో చిన్నగా మొదలుపెట్టి, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం అండతో డిచ్‌పల్లిలో 1915లో పెద్ద ఆసుపత్రి నిలబెట్టింది. 1932లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. ఆమెను మళ్ళెప్పుడొస్తవ్ అని ఎవరూ అడిగి ఉండరు. అయితే ఆమె మిషనరీ. ఆమె తెచ్చుకున్న నమ్మకం వేరు, గడువు వేరు. పంతొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఆమెను కొలబద్దగా నిలబెట్టడం అన్యాయం. ఉండిపోయినవాళ్ళను పొగిడి, వెళ్ళేవాళ్ళను తక్కువ చేయడం మనకు ఒక అలవాటు. అందరూ ఉండిపోతే వచ్చే కొత్తవాళ్ళకు గది ఎక్కడుంది?

విసెంటె ఫెర్రర్ కథ ఇంకా చిత్రమైనది. స్పెయిన్ నుంచి 1952లో జెస్యూట్‌గా వచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ అనే ఊళ్ళో రైతులతో బావులు తవ్విస్తూ ఉన్నాడు. మన్మాడ్ మాకు బాగా తెలిసిన పేరే. మా కామారెడ్డి, నిజామాబాదు స్టేషన్ల మీదుగా పోయే రైలుపట్టాలు అక్కడిదాకా పోతాయి. ఆయనకు పెరిగిన పలుకుబడి కొందరికి గిట్టలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలమంది రైతులు ఊరేగింపు తీశారు. చివరికి ఇందిరాగాంధీ కలగజేసుకుని, కొన్నాళ్ళు విదేశంలో సెలవు గడిపి రావచ్చని, మళ్ళీ రానిస్తామని మాట ఇచ్చింది. మాట నిలబడింది. 1969లో తిరిగి వచ్చాడు. వచ్చింది మాత్రం మన్మాడ్‌కు కాదు, మన అనంతపురానికి. అక్కడే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పెట్టాడు, అక్కడే 2009లో కన్నుమూశాడు. అనంతపురం వాళ్ళకు ఆయన వచ్చిన దేవుడు. మన్మాడ్ వాళ్ళ గురించే నా ఆలోచన. తిరిగి వస్తానన్న మనిషి నిజంగానే తిరిగొచ్చాడు, తమ ఊరికి తప్ప. అట్లాంటి రాకను మన్మాడ్ రైతు ఏ ఖాతాలో రాసుకుని ఉంటాడు?

బ్రౌన్ దొర సంగతి కూడా చెప్పాను ఆ పిల్లకు. వాలంటీరు కాదు, కంపెనీ జీతగాడే. అయినా వెళ్ళిపోయాక కూడా మనవాడిగా మిగిలిన మనిషి. 1817లో మద్రాసులో దిగినవాడు, మధ్యలో ఒకసారి ఇంగ్లండు పోయి వచ్చాడు. 1855లో పోయినప్పుడు మళ్ళీ రాలేదు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో తెలుగు చెప్పాడు, 1884లో చనిపోయాడు. మనం ఆయన్ను వదిలి వెళ్ళినవాడిగా లెక్కేయం. ఇది విని పిల్ల కొంచెం తేరుకుంది. నాకు మాత్రం తృప్తి కలగలేదు. బ్రౌన్‌తో పోల్చి ఎవరినైనా ఓదార్చవచ్చు. అంత పెద్ద పేరు కింద దేన్నైనా దాచవచ్చు.

చివరికి నాకు జవాబు బీరువాలో దొరకలేదు. నేను పాఠాలు చెప్పిన తరగతి గదుల్లో ఉంది, ఎప్పటినుంచో.

మా చుట్టుపక్కల బతుకంతా రాకపోకలతోనే నడిచింది. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తిచేశారు. కట్ట వెనక ఊళ్ళు మునిగి జనం లేచిపోయారు. కట్ట ముందు కాలువలు పారితే కోస్తా నుంచి రైతులు వచ్చి పొలాలు కొనుక్కుని క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ళ మనవలు ఇప్పుడు మాతోపాటే సర్పంచి ఎన్నికల్లో కొట్లాడుకుంటారు. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు చెరుకు బండ్లు పోయేవి. అది 2015లో మూతపడింది. నీళ్ళందని మెట్ట ఊళ్ళ మొగవాళ్ళు అప్పటికే గల్ఫ్ దారి పట్టి ఉన్నారు. ఇప్పుడు మా వరి నాట్లకు బీహార్ నుంచి కూలీలు దిగుతున్నారు. మావాళ్ళు దుబాయిలో గోడలు కడుతుంటే మా మళ్ళలో బీహారువాళ్ళు నాట్లు వేస్తారు. వాళ్ళ ఊళ్ళోనూ ఎవరో మళ్ళెప్పుడొస్తవ్ అని అడిగే పంపి ఉంటారు.

గల్ఫ్ పోయేవాడి ప్రయాణం పైకి చూస్తే వాలంటీరు ప్రయాణం లాగే ఉంటుంది. ఇద్దరికీ గడువుంటుంది, టికెట్టుంటుంది, సామాను తూకముంటుంది. లోపల చూస్తే అంతా తలకిందులు. వాలంటీరుకు టికెట్టు తెచ్చేటప్పుడే తిరుగు టికెట్టు ఖాయం. గల్ఫ్‌వాడు ఏజెంటుకు ఇవ్వడానికి అప్పు చేస్తాడు. అది తీరేదాకా తిరుగు ప్రయాణం మాట ఎత్తడానికి లేదు. పాస్‌పోర్టు చాలాచోట్ల పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గర ఉంటుంది. జీతం సరిగ్గా ఇవ్వని కంపెనీ విడిచి బయటపడితే ఆ మనిషి 'ఖల్లివల్లి' అవుతాడు. ఏ కాగితమూ లేకుండా దొరికిన పని చేసుకుంటూ దాక్కుంటాడు. అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడే ఇంటిదారి. యుఏఈలో 2018లో ఒకసారి, 2024లో ఇంకోసారి అట్లా ప్రకటించారు. రెండుసార్లూ మా మండలాలకు ఏళ్ళ తరబడి కనపడని మొహాలు తిరిగొచ్చాయి. 25 రోజుల శిక్షణ సంగతి చెప్పాను గదా. గల్ఫ్‌కు పోయే కూలీకి మన విదేశాంగ శాఖ 2018 నుంచి ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. ఒక్క రోజు.

ఆ పిల్ల తప్పంటూ ఇందులో ఏమీ లేదు, నేను అట్లా అనను కూడా. కానీ ఇష్టం వచ్చినప్పుడు రాగలగడం, చెప్పిన తేదీకి పోగలగడం ఎంత పెద్ద ఆస్తో మా బస్టాండులో అయిదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఏడాదంతా ఒకే పచ్చిపులుసు తిన్నా, ఒకే ఎండలో తిరిగినా, టికెట్టు చేతికొచ్చిన రోజున ఆ తేడా బయటపడక తప్పదు. ఊరు కుర్చీ వేసి కోడికూర వడ్డించింది అందుకే కావచ్చు.

ఇక పిల్లల సంగతి. నేను చెప్పిన ప్రతి తరగతిలోనూ తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఉండేవారు. హాజరు తీసుకుంటుంటేనే తెలుస్తుంది వాళ్ళెవరో. మీ నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే పెద్దవాళ్ళ లాగా దాటవేయరు. "బతుకమ్మకు వస్తడు సార్" అని తేదీతో చెబుతారు. బతుకమ్మ పోతుంది. "సంక్రాంతికి వస్తడట." సంక్రాంతి పోతుంది. ఐమో కాల్‌లో తండ్రి చెప్పిన మాటను వీళ్ళు తీసుకొచ్చి తరగతిలో పెడతారు, పక్కవాడు దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత వెక్కిరిస్తాడు. నాలుగో తరగతిలో ఒక పిల్లవాడు నోటు పుస్తకం చివరి పేజీలో గీతలు గీసి కొట్టేసుకుంటూ ఉండేవాడు. ఏమిట్రా ఇవి అంటే, నాన్న వచ్చే రోజులన్నాడు. ఒక దశలో గీతలు ఆగిపోయాయి. ఆ తర్వాత వాడు నాన్న ఫోన్ వస్తే మాట్లాడటానికి లోపలికి రాలేదని వాళ్ళ నానమ్మ చెప్పింది. తండ్రి అబద్ధమాడాడని నేను అనుకోను. ఆ మాట అన్నప్పుడు ఆయనకూ వద్దామనే ఉండి ఉంటుంది. సెలవు ఇవ్వడం కంపెనీ చేతిలో, టికెట్టు అప్పు చేతిలో. వాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు?

నాకు తోచింది ఇది, ఆ పిల్లకు చెప్పిందీ ఇదే. పెద్దవాళ్ళకు వస్తానని చెప్పు. నిజంగా అడిగినా మర్యాదకు అడిగినా వస్తానని చెప్పు. వాళ్ళు ఆ మాటను ఎంతకు తీసుకోవాలో అంతకే తీసుకుంటారు, మిగతాది వదిలేస్తారు, వాళ్ళకు అనుభవముంది. మేడ కింద పెద్దావిడ కొడుకు ఇద్దరిని కని, దోహాలో పదేళ్ళున్నాడు. ఆవిడకు తెలియనిది నువ్వు చెప్పేదేమీ లేదు. నువ్వు రానన్నందుకు ఆవిడకు కోపం రాలేదు. తనను ఏమీ తెలియని మనిషిలా చూసి విడమరచి చెప్పినందుకు వచ్చింది. పిల్లలకు మాత్రం చెప్పొద్దు. ఎంత ఏడ్చినా, కాళ్ళకు చుట్టుకున్నా, ఆ ఒక్క మాట నోటి నుంచి రానీయొద్దు. వాళ్ళు లెక్కబెడతారు.

"పెద్దవాళ్ళకు ఒకటి, పిల్లలకు ఒకటా?" అంది. ఆమెకు అది అడ్డగోలుగా తోచింది. జర్మనీలో పిల్లలకు మర్యాద కోసం చిన్న అబద్ధాలు చెబుతారట, పెద్దవాళ్ళకు నిజం చెబుతారట. మా ఇద్దరిలో ఎవరు సరైనవాళ్ళో తేల్చుకోలేదు. ఆ రాత్రే కిందికి వెళ్ళి, "వస్తాను అమ్మా, చదువు అయిపోయాక వస్తాను" అని పెద్దావిడకు చెప్పిందని మర్నాడు తెలిసింది. "రా బిడ్డా, గప్పటిదాంక నేనుంటనో లేదో" అందట ఆవిడ. దానికి ఏం జవాబు చెప్పాలో నేను నేర్పలేదు. మామూలుగా అందరూ అనేదే ఆ పిల్లకు దానంతట అదే వచ్చింది: "ఉంటావు అమ్మా." ఆ రెండో మాటలో నిజమెంతో ఇద్దరూ పట్టించుకోలేదు. పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, కొబ్బరికాయ పెట్టి ఆడబిడ్డను పంపినట్టే పంపింది.

బడిలో వీడ్కోలు సభ పెట్టారు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, మైకు రెండుసార్లు కీచుమంది. ఆమె ప్రసంగం ముందురోజు నాకు చూపించింది. నేను మీకు నేర్పినదానికన్నా మీ దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ అని మొదలైంది. కొట్టేయమన్నాను. దేశాలు దాటి వచ్చే సేవకులందరూ పోయేటప్పుడు ఈ వాక్యమే చెబుతారు. వినయం కోసమే చెబుతారు, ఒప్పుకుంటాను. కానీ రోజూ మూడు పీరియడ్లు గొంతు పోయేలా అరిచి పిల్లల చేత ఇంగ్లీషులో దారి అడగడం, దారి చెప్పడం చేయించింది ఈ పిల్ల. అది తక్కువ పనా? పైగా ముందు వరుసలో కూర్చున్న తల్లులకు, అయితే ఎందుకొచ్చినట్టమ్మా అనిపించదా? ఆ వాక్యం స్థానంలో ఏం పెట్టాలని అడిగింది. నువ్వు పోయాక ఆగిపోయే పనులేవో అవి చెప్పు, ఎవరు చేస్తారో చెప్పు అన్నాను. అంచేత సభలో ఆమె చదివింది ప్రసంగంలా లేదు. పుస్తకాల అల్మారా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పింది. సగంలో ఉన్న కథల చార్టులు ఎవరు పూర్తి చేయాలో చెప్పింది. వాలీబాల్ గాలి కొట్టే పంపుకు వాషరు అరిగిందని, కొత్తది కొనాలని చెప్పింది. ముఖ్య అతిథి కొంచెం ఇబ్బంది పడ్డాడు. వాషరు మాటకు తల్లులు చప్పట్లు కొట్టారు, ఎందుకో తెలియదు.

సభ అయ్యాక పిల్లలు చుట్టుముట్టారు. నేను వెనకాల నిలబడి విన్నాను, మాట జారుతుందేమోనని. నాలుగో తరగతి పిల్ల ఒకతి, రెండు జడలకూ రిబ్బన్లు కట్టుకున్నది, చున్నీ పట్టుకుని అడిగింది.

"అక్కా, బతుకమ్మకు ఉంటవా?"

"ఉండను."

"మల్ల ఎప్పుడొస్తవ్?"

"తెలియదు. వస్తానని చెప్పను. వస్తే అప్పుడు చెబుతాను."

ఆ పిల్ల ఏడవలేదు. ఏదో ఆలోచించింది. నీ బదులు ఎవరొస్తారని అడిగింది. సెప్టెంబర్‌లో మా దేశం నుంచి ఒక అన్న వస్తాడని జవాబు.

"గా అన్నకు తెలుగొస్తదా?"

"రాదు."

"కొంచెం గూడ?"

"కొంచెం కూడా రాదు."

నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనున్నవాళ్ళ వైపు తిరిగింది. "అంటే మల్ల అ ఆల కాడికెల్లి మనమే నేర్పాల్నా?"